వరహాలు వేసిన ముడి

ఏవండీ,

నాన్నకు జ్వరం ముదిరిందని కబురొచ్చింది, గంజాం వెళ్తున్నాను. మీరు కటకం నుంచి రాగానే ముందు పెరటి నూతిమీద పలకలు వేయించండి. మతి తప్పినప్పటి నుంచి అత్తయ్య అటే వెళ్తున్నారు. మీరొచ్చేదాకా పక్కింటి కాసమ్మ కనిపెట్టుకుని ఉంటుంది. అయినా నాకు భయం తీరడం లేదు.

మీ చెల్లెలు వరహాలు తన పరికిణీ అంచును అత్తయ్య కొంగుకు పెళ్ళిముడిలా కట్టుకుని తిరుగుతోంది.

"ఇదేటే?" అన్నాను.

"అమ్మ నూతిలో పడితే నానూ పడతాను గదా వదినా. ఒక్కర్తీ అయితే అమ్మకి బయ్యం" అంది.

తొమ్మిదేళ్ళ పిల్లండీ. పలకల సంగతి ఎన్నిసార్లు చెప్పినా చూద్దామన్నారు.

నేను ముడి విప్పబోతే గుక్కపట్టి ఏడ్చింది. మీరు అత్తయ్య చెయ్యి గట్టిగా పట్టుకుని, వరహాలుకి చూపించి, అప్పుడు విప్పండి.