గోనెసంచి మీద పరీక్ష

శనివారం, రాత్రి

అచ్చంపేట రాములు కాక తన లైసెన్సు రైఫిల్‌ను మా నాన్న తుపాకుల రిపేరు దుకాణానికి తెచ్చాడు. చౌకరకం. ట్రిగ్గర్ ఎంత బిగువంటే, నొక్కేలోపే గురి పక్కకు పోయి అడవిపందులు తప్పించుకుంటున్నాయట. మా అబ్బా పొద్దున్నుంచి కూర్చుని దాన్ని తేలిక చేశాడు. ఖాళీ రైఫిల్ గొట్టం మీద రూపాయి బిళ్ల పెట్టి ట్రిగ్గర్ నొక్కితే బిళ్ల కదల్లేదు! ఉత్సాహం ఆగక, "అయిపోయింది కాకా, తీస్కపో" అనేశాను.

"ఆగు బేటా, తట్టి చూడలే" అన్నాడు అబ్బా. గుండ్లు లేవని మళ్లీ చూసి, బోల్టు మూసి, రైఫిల్ మొదలును గోనెసంచి మీద గట్టిగా తట్టాడు. టక్కుమంది. ట్రిగ్గర్‌ను ఎవరూ ముట్టనేలేదు; గుండు ఉండుంటే పేలేదే!

"ఏం గాదు భాయ్, పైలంగ పట్టుకుంట. గిట్లనే ఇయ్యి" అన్నాడు కాక.

"చేన్ల నీ ముంగట ఎవరు నడుస్తరు?"

"ఇంకెవరు, మీ వదిననే. లైటు ఆమె చేతుల్నే ఉంటది."

అబ్బా ట్రిగ్గర్ మళ్లీ కొంచెం బిగించాడు. కాక సణిగితే, "పంది తప్పిపోతే రేపొస్తది రాములన్నా" అన్నాడు.

నా తొందరకు ఒక్క మాట కూడా అనలేదు. రైఫిల్ నా చేతికిచ్చి, "ఈసారి నువ్వు తట్టు" అన్నాడు. గుండ్లు లేవని నేనూ చూశాను. లైటు పట్టుకుని ముందు నడిచే కాక భార్య గుర్తొచ్చి మూడుసార్లు తట్టాను.

నిశ్శబ్దం. ఈ మాటను ఇంత ఇష్టంగా ఎప్పుడూ రాయలేదు.