సహరీకి మార్చిన గోలీలు

28 ఏప్రిల్ 2019

పదో తరగతి పాసై ముప్పై నాలుగేళ్ళయింది. ఆ తర్వాత నేను రాసినవి కిరాణా చీటీలే. మళ్ళీ పెన్ను పట్టించింది గ్లోరీ మేడం. మహబూబ్‌నగర్ దవాఖానలో మా ముస్తకీమ్‌కు కౌన్సెలింగ్ చేస్తుంది. ఏ గోలీ ఎప్పుడు వేసుకున్నాడు, ఎన్ని గంటలు పడుకున్నాడు, ఎట్లా మాట్లాడాడు, తారీఖు వేసి రాయమని ఒక పొడుగు పుస్తకం ఇచ్చింది. ఏడాదిగా రాస్తున్నాను. డాక్టర్ గారు అది చూసే మందు రాస్తారు.

ఆ పుస్తకంలో గడులు లేని మాటలు నా దగ్గర మిగిలిపోతున్నాయి. అందుకే ఈ కాగితాలు, బియ్యం డబ్బాలో దాస్తాను. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, నేను చదివింది తెలుగు. దర్జీ పని చేసే మా ఆయనకు తెలుగు చదవడం రాదు. కొడుక్కు వచ్చు, కానీ వాడు బియ్యం డబ్బాలో చేయి పెట్టడు.

29 ఏప్రిల్

మొదలు రాయకపోతే నాకే అర్థం కాదు.

రెండేళ్ళ కింద వాడు ఐదు రోజులు కన్ను మూయలేదు. కల్వకుర్తిలో మోటార్ వైండింగ్ షాపు వాడిది. రైతుల మోటార్లన్నీ విప్పేసి, అందరికీ కొత్తవి ఇస్తానని మాటిచ్చాడు. ఆ తర్వాత రెండు నెలలు మంచం దిగలేదు. బైపోలార్ అన్నారు. లిథియం ఇచ్చారు. నెలకోసారి కౌన్సెలింగ్. ఇప్పుడు ఏడాదిగా మనిషి మనిషిలా ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళు. చేతులు బంగారం.

పోయిన రంజాన్‌కు డాక్టర్ గారు రోజా ఉపవాసం వద్దన్నారు. వాడు షాపు పరదా వెనక దాక్కుని నీళ్ళు తాగాడు. పక్కింటి మెహ్రీన్ ఆడవాళ్ళందరి ముందు నన్ను అడిగింది, గింత పెద్ద కొడుకు పగటిపూట నీళ్ళు తాగుతడట, ఇంకా తగ్గలేదా అని.

4 మే

గ్లోరీ మేడం ఫోన్ చేసింది. రంజాన్ వస్తాంది కదమ్మా, సార్‌ను అడగకుండ రోజా సంగతి తేల్చకుండ్రి, గోలీల టైం మార్చకుండ్రి అంది. అట్లనే మేడం అన్నాను.

అడగలేదు. అడిగితే వద్దంటారు.

6 మే, మగ్రిబ్ నమాజు తర్వాత

నెలవంక కనబడింది. మెహ్రీన్ షీర్ పాయసం తెచ్చిచ్చి, తన షుగర్ గోలీల సంగతి చెప్పింది. పొద్దటివి తెల్లారకముందు సహరీకి, రాత్రివి పొద్దుగూకినంక ఇఫ్తార్‌కు మార్చుకుంటదట. ఏమైతది అక్కా, గోలీ గోలీయే కదా అంది.

ముస్తకీమ్ నమాజు నుంచి వచ్చి, అమ్మీ, ఈసారి నేను కూడ రోజా ఉంటే ఎట్లుంటది, సార్‌ను అడిగినవా అన్నాడు.

అడిగిన బేటా, ఉండొచ్చన్నడు అన్నాను.

టోపీ ఇంకా తలమీదే ఉంది వాడికి. నవ్వాడు.

7 మే

మొదటి రోజా. సహరీకి ఒక గోలీ, ఇఫ్తార్‌కు రెండు. పొడుగు పుస్తకంలో మాత్రం ఎప్పటిలాగే ఉదయం 8, రాత్రి 9 అని రాశాను.

12 మే

నలభై మూడు డిగ్రీలట. ఎండకు బోరు మోటార్లు కాలిపోతున్నాయి, షాపు ముందు వరస. రేకుల కింద సాయంత్రం దాకా వాడి చొక్కా తడిసి, ఆరి, తెల్లటి ఉప్పు గీతలు పడుతున్నాయి. ఆ చొక్కా ఉతుకుతుంటే నాకు గర్వంగా ఉంది. మసీదు దగ్గర పెద్దవాళ్ళు వాడిని కౌగిలించుకున్నారట. మా ఆయన ఆ మాట రెండుసార్లు చెప్పాడు.

16 మే

నడుము నొప్పి, తలనొప్పి అన్నాడు. రామచంద్రయ్య డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. మా వాడకట్టుకు ఆయనే ఆర్ఎంపీ. ఎండల పని, నొప్పి గోలీలు రాస్త అని, ఇంకేమన్న మందులు వాడుతున్నడా బీబమ్మా అని అడిగాడు.

బెంచీ మీద నలుగురు కూర్చుని ఉన్నారు. లేదు అన్నాను.

ముస్తకీమ్ నా మొహం చూశాడు. నొప్పి గోలీల చీటీ తీసుకుని లేచాడు.

18 మే

ఇఫ్తార్‌లో గ్లాసు జారింది. చెయ్యి వణుకుతోంది. నీరసం అనుకున్నాను. ఖర్జూరాలు ఎక్కువ పెట్టాను.

19 మే

విరేచనాలు, రెండు వాంతులు. మాట ముద్దగా వస్తోంది. రోజా విడువు బేటా అన్నాను. ఇంక సగం దినమే ఉన్నది అమ్మీ అన్నాడు. బలవంతం చేయలేదు. ఎందుకు చేయలేదో నాకు తెలుసు. ఇక్కడ కూడా రాయలేకపోతున్నాను.

20 మే, మధ్యాహ్నం

పడిపోయాడు. మోటారు కోసం వచ్చిన చెన్నయ్య అనే రైతు, ఏంది ముస్తకీమూ, రంజాన్ల గూడ కల్లు తాగినవా అని ఎగతాళి చేశాడట. తర్వాత కళ్ళు తేలేయడం చూసి, తన ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. ఆ ఆటోలోనే మహబూబ్‌నగర్.

డాక్టర్ గారు పొడుగు పుస్తకం అడిగారు. ఇచ్చాను. పేజీలు తిప్పి, అన్నీ టైంకు వేసుకున్నడు, మరి ఇదెట్లయింది అని ఆయన తనలో తాను అనుకున్నారు. నర్సు రక్తం తీసుకుపోయింది. అప్పుడు డాక్టర్ గారికి ఒక్కరికే చెప్పాను. రోజా, సహరీ, రామచంద్రయ్య గోలీలు, అన్నీ. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

హైదరాబాద్ పంపిస్తున్నారు. డయాలసిస్ అట.

25 మే

బతికాడు. అల్‌హమ్దులిల్లా.

డాక్టర్ గారు ఫోన్‌లో విడమర్చి చెప్పారు. ఒంట్లో నీళ్ళు తగ్గితే ఈ లిథియం బయటికి పోక రక్తంలో పేరుకుంటుందట. నొప్పి గోలీలు దాన్ని ఇంకా పెంచాయట. ముందే అడిగుంటే రోజా వద్దనే చెప్పేవాణ్ణమ్మా, చేయి వణికిన నాడు వచ్చినా సరిపోయేది అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

బీమారీ ఉన్నవాళ్ళకు రోజా మాఫీ అని నాకు తెలియదా. బదులుగా పేదలకు అన్నం పెట్టాలనీ తెలుసు. పోయినేడు పెట్టాను కూడా. వాడి రోజా అల్లా అడగలేదు. నేను అడిగాను, నా కొడుకు బాగయ్యాడని నలుగురికీ కనబడాలని.

5 జూన్

ఈద్. వార్డులో.

14 జూన్

ఇంటికి వచ్చి వారం. వణుకు తగ్గింది, పోలేదు. పూర్తిగా పోకపోవచ్చు అన్నారు. ఇవాళ షాపులో కూర్చుని కాయిల్ చుట్టబోయాడు. తీగ నాలుగుసార్లు తెగింది. షట్టర్ దించి వచ్చాడు.

ఇప్పుడు లిథియం లేదు, వేరే గోలీలు ఇచ్చారు. ఆ స్ట్రిప్పు తీసి పెరట్లోకి విసిరాడు. సారే రోజా ఉండమన్నడు, సారే నన్ను చంపిండు, ఇంక ఆయన గోలీలు వద్దు, మేడం ముచ్చట్లు వద్దు అన్నాడు. మా ఆయన కూడా, పోరడు అనేది నిజమే, దర్గాకు తీసుకపోదాం అన్నాడు.

నేను పెరట్లోకి పోయి స్ట్రిప్పు ఏరుకొచ్చాను.

17 జూన్

మూడు రోజులుగా గోలీ లేదు. నిద్ర ఆరు గంటలు, నాలుగు, మూడు. పొడుగు పుస్తకంలో నిజమే రాశాను. వాడు తొందర తొందరగా మాట్లాడుతున్నాడు. వైండింగ్ మెషిన్లు పది కొంటాడట.

18 జూన్

నేనొక్కదాన్నే దవాఖానకు పోయాను. మందు వెంటనే మొదలు కావాలి, లేకుంటే మళ్ళీ మొదటికొస్తది అన్నారు డాక్టర్ గారు. గ్లోరీ మేడం తలుపు దగ్గరికి వేసి నన్ను కూర్చోబెట్టింది. సార్ చెప్పిండని వాడు నమ్ముతున్నడు, ఆ నమ్మకం మీరు పెట్టిందే కదమ్మా, మేము చెప్తే తప్పించుకుంటున్నరు అంటడు, మీరు చెప్పాలె అంది. చెబితే వాడు మళ్ళీ నన్ను నమ్ముతాడా అని అడిగాను. నేను మాట ఇయ్యలేనమ్మా అంది.

19 జూన్, అసర్ నమాజు తర్వాత

చెప్పాను. సార్‌ను అడగలేదు, ఆయన ఉండమనలేదు, నేను అబద్ధం చెప్పిన అన్నాను. పుస్తకంలో దొంగ టైములు రాసిన అన్నాను.

మా ఆయన తల దించుకున్నాడు. ముస్తకీమ్ తన చేతులు చూసుకున్నాడు. నీ నోట అబద్ధం ఎన్నడు వినలే అమ్మీ, అందుకే రామచంద్రయ్య దగ్గర కూడ ఊకున్న అన్నాడు.

స్ట్రిప్పు అడిగాడు. గోలీ ఒత్తి తీయడానికి వాడికి చాలాసేపు పట్టింది. సాయం చేద్దామని చెయ్యి చాపాను. నువ్వు ముట్టకు అన్నాడు. నీళ్ళు సగం మెడ మీద పడ్డాయి. మింగాడు.

23 జూన్

నిద్ర ఏడు గంటలు.

మందుల డబ్బా నా అల్మారా నుంచి పోయింది. మా ఆయన కుట్టు మిషను మీద ఉంది. పేర్లు చదవలేడు కదా, పొద్దటి స్ట్రిప్పుకు ఎర్ర దారం, రాత్రిదానికి నల్ల దారం కట్టుకున్నాడు. గురువారం తండ్రీ కొడుకులు కౌన్సెలింగ్‌కు పోయి వచ్చారు. నన్ను రమ్మనలేదు.

9 జూలై

పొడుగు పుస్తకం వాడే రాసుకుంటున్నాడు. అక్షరాలు వంకర, టైములు నిజం.

ఇవాళ నాకు నఫిల్ రోజా, నా ఇష్టం కొద్దీ ఉండేది. పన్నెండున్నరకు వాడు షాపు నుంచి వచ్చి, వీధి తలుపు బార్లా తీసిపెట్టి, గడపలో నిలబడి రెండు చేతులతో చెంబు పట్టుకుని నీళ్ళు తాగాడు. మెహ్రీన్ వాళ్ళ వాకిట్లో నిలబడి చూస్తోంది. చెంబు ఖాళీ అయ్యేదాకా వాడు నన్నే చూశాడు.

ఈ కాగితాలు ఎవరికి దొరికినా పారేయకండి. బియ్యంలోనే ఉంచండి. ఎవరికీ చూపకండి.