నాగవేణి మాటను నేను దిద్దలేదు

అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. బీఈడీ శిక్షణ కోసం నన్ను ఆలూరు దగ్గర ఒక ఊరి బడికి పంపారు. ఆరో తరగతికి తెలుగు చెబుతున్నాను.

నిన్న మా కాలేజీ లెక్చరర్ నా పాఠం చూసి మార్కులు వేయడానికి వచ్చి వెనక కూర్చున్నారు. ఇంటి సంగతులు చెప్పమని పిల్లలను అడిగాను. ఎప్పుడూ నోరు విప్పని నాగవేణి లేచింది.

"మా యమ్మ పత్తి తీసేకి పోయింది టీచర్. నేను అన్నం సేసి, సెల్లెల్ని సూసుకోని..."

"చెల్లెలు అనాలి. దిద్దండి" అన్నారు లెక్చరర్. పిల్లలు నవ్వారు. నాగవేణి తల దించుకుంది.

నన్ను ఎమ్మిగనూరు బడిలో చేర్చిన రోజు నువ్వు "మా పాప యాడ కూసుంటాది సార్?" అని అడిగితే అందరూ నవ్వారు. ఆ తర్వాత నువ్వెప్పుడూ బడి గేటు దాటి లోపలికి రాలేదు.

"దిద్దను సార్. రాసేటప్పుడు ఎలా రాయాలో నేర్పుతాను. మాట్లాడే పిల్లను మాత్రం ఆపను" అన్నాను.

"మార్కులు పోతాయమ్మా."

"పోనీండి సార్."

నాగవేణి వైపు తిరిగి, "మళ్లీ ఏం సేసినావు పాపా, సెప్పు" అన్నాను. లెక్చరర్ ముందే, మన మాటలోనే. ఆ పిల్ల గంట కొట్టేదాకా చెప్పింది.

మార్కులు తగ్గించారు. అడగడానికి కూడా వెళ్లలేదు. ఈ రోజు నేను తరగతిలో అడుగు పెట్టగానే నలుగురు లేచి, "మా ఇంటి సంగతి మేమూ సెప్తాం టీచర్" అన్నారు.

సోమవారం ఆయన మళ్లీ వస్తారట. రానీ అవ్వా.

నీ లక్ష్మి