పల్చని తొక్క

పూండి,
8-9-2004, బుధవారం.

ఢిల్లేశ్వర్ అన్నయ్యకు తమ్ముడు సుమన్ నమస్కారాలు. రత్నాలమ్మ పెద్దమ్మ పాదాలకు దండాలు. ఇక్కడందరం క్షేమమని రాయలేను. అన్యాయం జరిగింది. చేసింది పరాయివాడు కాదు, మన మేనమామ పోలారావు.

తన కొడుకు సురేష్‌కి మన చెల్లి యామినిని చేసుకుంటానన్న మాటని మొన్న పదిమందిలో వెనక్కి తీసుకున్నాడు. అమ్మ ఎవరితోనూ మాట్లాడదు కాబట్టి, "దాని ఇత్తనవే సెడ్డదిరా, రేపు నా మనవలూ అలాగే మూల్న కూకుంతారు" అన్నాడు. నేనూరుకుంటానా? "మావా, అమ్మా నువ్వూ ఒక్క కడుపున పుట్టినోలే కదా, మరి నీ ఇత్తనం ఏ సంతలో కొన్నావేటి?" అన్నాను. జనం నవ్వారు. ఆయన మాత్రం, "పుత్తకాలు సదివి నాకే సెప్పొచ్చినావేటి? సేతులొణికిపోతన్నాయి సూడు, ముందు కోపం తగ్గించుకోరా" అన్నాడు.

యామిని ఏడవలేదు. "ఆ పెళ్లి పోతే పోనీ అన్నయ్యా, అమ్మకెట్టిన పేరు మాత్రం ఉండకూడదు" అంది. నాకూ అదే కావాలి.

ఎండాకాలంలో అమ్మని టెక్కలిలో మీ ఇంటికి తీసుకొచ్చినప్పుడు, పెద్దమ్మ గుమ్మంలో కూర్చోబెట్టి తల దువ్వింది, గుర్తుందా? నేను ఒళ్లు మరిచి చూస్తూ ఉండిపోయాను. ఒకే ముఖం! ఇద్దరూ కవలలని చిన్నప్పట్నుంచీ తెలుసు, కానీ ఆ రోజే చూశాను. చెవి కింద అదే మచ్చ. పెద్దమ్మ పక్కింటావిడని ఆటపట్టిస్తోంది, అమ్మ నేల చూస్తోంది.

కాశీబుగ్గ సైన్సు సభలో కొన్న చిన్న పుస్తకం మళ్లీ తీశాను. అచ్చుగుద్దినట్టుండే కవలలకు జన్యువులు ఒకటేనట. అయినా ఒకరికి అమ్మకున్న ఈ దిగులు జబ్బు వస్తే రెండోవారికీ వచ్చి తీరాలని లేదట! పలాసలో నేను పనిచేసే జీడిపిక్కలు కాల్చే బట్టీలో రోజూ చూసేదే కదా ఇది. తొక్క పల్చనైన జీడిపిక్క ముందు మాడుతుంది. మంట అదుపులో ఉంటే అదీ తెల్లటి పప్పే ఇస్తుంది. తొంభైతొమ్మిది తుపాను మా జీడితోటని పడగొట్టింది, మరుసటేడు కిడ్నీల జబ్బు నాన్నని తీసుకుపోయింది. అమ్మకి తగిలిన మంట అది, పెద్దమ్మకి తగల్లేదు. ఇంత పెద్ద సంగతి మన ఇంట్లోనే రెండు చీరలు కట్టుకుని తిరుగుతోందన్నయ్యా!

మాడిన పిక్క తిరిగి రాదు గానీ మనిషి వస్తుంది. విశాఖ డాక్టరు మందులు మొదలెట్టాక, నిన్న అమ్మ యామినికి తానే జడ వేసింది.

అందుకని ఆదివారం పొద్దున్న పది గంటలకు పెద్దమ్మని తీసుకుని మావ ఇంటి అరుగు దగ్గరకి రా. నేను ఉపన్యాసం ఇవ్వను, ఒట్టు. అక్కచెల్లెళ్లిద్దరినీ వాళ్ల అన్న పక్కన నిలబెడదాం. ఒకే విత్తనం ఇద్దరిలో ఎలా ఉందో ఊరే చూసుకుంటుంది.

ఇట్లు,
నీ తమ్ముడు
సుమన్

తా.క. మావ చూసిన వణుకు కోపం కాదు. నెల్లాళ్లుగా గుండె దడ, నిద్ర పట్టదు. అమ్మని చూసే డాక్టరే నాకూ మాత్రలు రాశాడు. పల్చని తొక్క నాకూ వచ్చింది. ఇంట్లో ఇంకా ఎవరికీ తెలీదు. ఆదివారం అరుగు మీద నేనే చెప్తాను. అప్పుడు నువ్వు నా పక్కన ఉండాలి. పది గంటలకి.