ఒక్కపొద్దు బిళ్ళలు

అన్నా,

ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను. ఇప్పటికే రెండుసార్లు లేచి, అరుగుమీద పడుకున్న నీ కొడుకు సుంకన్నను చూసి వచ్చాను.

పొద్దున నాపరాళ్ళ గని నుంచి నడుం పట్టుకుని వచ్చాడు. శనివారం కదా, నీలాగే అహోబిలం స్వామికి ఒక్కపొద్దు ఉన్నాడు. ఆస్పిరిన్ బిళ్ళలు రెండు ఇమ్మన్నాడు.

"ముందు సంగటి తిను," అన్నాను.

"మందు మింగితే ఒక్కపొద్దు చెడదులే అత్తా. శానా నొప్పిగా ఉండాది, ఇయ్యి."

అచ్చం నీ మాటే. నువ్వూ శనివారాలు పరగడుపునే మింగేవాడివి. నొప్పి తగ్గకపోతే గంటకే మళ్ళీ మింగేవాడివి. విరేచనం నల్లగా అవుతుంటే రాగిసంగటి వల్లనే అన్నావు, నేనూ నమ్మాను. అది కడుపులో కారిన నెత్తురని డాక్టరు చెప్పేసరికి నువ్వు లేవు. తిన్నాకే మింగాలనీ, ఒకసారికి రెండు మించకూడదనీ, నాలుగు గంటలు ఆగందే మళ్ళీ ముట్టకూడదనీ, నల్లగా అయితే మానేసి వెంటనే ఆస్పత్రికి రావాలనీ ఆయన చెప్పింది అప్పుడే.

సుంకన్నకు కోపమొచ్చింది. "స్వామికి ఏమని చెప్పుకోవల్ల?"

"మా అత్త చెడగొట్టిందని చెప్పుకో."

గొణుక్కుంటూనే ముద్దంతా తిన్నాడు. అప్పుడు పిడికిలి విప్పాను. బిళ్ళలు రెండూ చెమటకు నాని అరచేతికి అంటుకుపోయాయి.

ఆ చివరి శనివారం నీకిచ్చినప్పుడు బిళ్ళలు పొడిగానే ఉన్నాయి, అన్నా. అడగ్గానే ఇచ్చేశాను.