నీళ్ళు లేని బావులు

మంగళవారం, యాడికి

పాపను వీధికుక్క కరిచింది. సబ్బుతో గాయం కడిగానో లేదో, మా అత్త పాపను లాక్కుపోయింది. "ముందు బావుల్లో బిడ్డ మొగం చూపియ్యల్ల. అప్పుడే విషం దిగేది" అంటుంది. తిట్టుకుంటూ వెంటపడ్డాను. ఏ బావిలో చూసినా కంపచెట్లే, చుక్క నీరు లేదు. చివరికి ఆమే, "యాడా నీళ్ళు ల్యాకపాయ గదా. పదమ్మే, సూదికే పోదాం" అంది. జీవితంలో మొదటిసారి కరువుకు దండం పెట్టుకున్నాను.

సూది వేశారు. అత్త ఊరుకుంటుందా! ఆసుపత్రిలో నీళ్ళ బకెట్టు మీదికి పాపను వంచి, "కనపడ్తాండాదా మొగం?" అని అడిగింది.

"కనపడ్తాండాది జేజీ."

ఇంకా సూదులున్నాయి. వాటికీ ముందు బావులంటుందేమో...

నేనూ వంగి చూశాను. పాప ముఖం నీళ్ళలో నవ్వుతూ కనపడింది. అప్పటికి గానీ నా గుండెదడ తగ్గలేదు.