దేవుడి గూట్లో పాదరసం

జూన్ 4
లైట్‌హౌస్‌ని మ్యూజియం చేస్తారట. ఆర్డర్ వచ్చింది. నూట ముప్ఫై ఏళ్ల కట్టడాన్ని కూల్చకుండా వదిలారు, అదే చాలు. ఒకప్పుడు ఈ దీపం నాన్న చేతిలో ఉండేది. ఇప్పుడు మావారు కాపలా. ఊడ్చి తుడవడం నా పని. నేను పుట్టిందీ, ఇప్పుడు ఉంటున్నదీ కింద క్వార్టర్స్‌లోనే.

జూన్ 9
పెద్ద లెన్స్ బాగుచేయడానికి ఒకావిడ వచ్చింది. ముఖానికి మాస్కు, చేతిలో గాలిని కొలిచే మీటరు. మావారు అప్పుడే అద్దాలమ్మ అని పేరు పెట్టేశారు. ముక్కుకి తాళం దేనికమ్మా, ఇక్కడ ఉప్పుగాలి తప్ప దొంగలెవరూ లేరు అన్నారు. ఆవిడ నవ్వలేదు. లెన్స్ తేలేది తొట్టెలో పాదరసం మీద కదా బాబాయ్ గారూ, దాని ఆవిరి కంటికి కనపడదు, ముక్కుకి తెలియదు, నేరుగా నరాల్లోకి దిగుతుంది అంది. వేడి తగిలితే మరీ ఎక్కువట. దాన్ని తీసేసి బేరింగులు వేస్తుందట.

రెండు టన్నుల అద్దం ఒక్క వేలితో తిరుగుతుంది, అది తీసేస్తే మిగిలేది బొమ్మే అని మావారు విసుక్కున్నారు. విసుక్కుంటూ చొక్కా గుండీ పెట్టుకోబోతే వేళ్లు వణికాయి. ఆవిడ చూసింది. నేనూ చూశాను.

జూన్ 10
నిద్ర పట్టలేదు.

జూన్ 12, మధ్యాహ్నం
అద్దాలమ్మ పాత రిజిస్టర్లు చదువుతోంది. ఏటా పాదరసం దింపి, గుడ్డలో వడకట్టి, మళ్లీ తొట్టెలో పోసినట్టు నాన్న అన్నీ రాసి పెట్టారు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆఖరి ఏడాది పేజీ మీద ఆవిడ వేలు ఆగింది. మిగిలింది జాడీలో ఉంచాను, అని ఉంది. ఆ జాడీ ఎక్కడుందో తెలుసా అమ్మా అని అడిగింది.

తెలియదన్నాను.

దేవుడా, నీ పక్కనే పెట్టుకుని తెలియదన్నాను.

జూన్ 12, సాయంత్రం
ఇక్కడైనా రాసేస్తాను. రిటైరైన రోజు నాన్న ఆ జాడీ నా చేతిలో పెట్టి, ఎన్ని పడవల్ని ఒడ్డు చేర్చిందో ఇది, పారబోయకమ్మా అన్నారు. మూతికి గుడ్డ కట్టి దేవుడి గూట్లో పెట్టాను. ఇరవై ఆరేళ్లుగా రెండు పూటలా దాని పక్కనే దీపం. ఆ సెగకి జాడీ ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేది. అదీ మహిమే అనుకున్నాను.

గూడు ఉన్నది పడకగదిలో. దీపం ఆరిపోతుందని కిటికీ మూసేదాన్ని. గూటి కిందే మావారి మంచం.

ఆయన్ని నేనే. రోజూ. దండం పెట్టి మరీ.

జూన్ 13
చెప్తే ఆయన నన్ను ఏమీ అనరు. నా భయం అదే.
ఇవాళ దీపం వెలిగించలేదు. ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

జూన్ 14
ముందు అద్దాలమ్మకే చెప్పాను. నా మాట ఆవిడకి వినపడక మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. తిడుతుందనుకున్నాను. గ్లవ్స్ తొడుక్కుని ఇంట్లోకి పరిగెత్తింది. గూటి దగ్గర మీటరు కూత ఆపలేదు. కిటికీ తెరిచి, జాడీ తీసుకెళ్లి, ఎవరూ వెళ్లకుండా గదికి టేపు వేసింది. దేవుడి పటాలు లోపలే ఉండిపోయాయి.

మావారు గుమ్మంలో కూర్చుని, మామగారు పోయినా నన్ను వదల్లేదన్నమాట అన్నారు. నన్ను నవ్వించాలని. నేను ఏడ్చాను.

జూన్ 23
మా ఇద్దరి రక్తం, మూత్రం రిపోర్టులు వచ్చాయి. మావారి ఒంట్లో పాదరసం ఉండాల్సినదానికన్నా కాస్త ఎక్కువ, అంతే. ఆ వణుకు వాళ్లమ్మకీ ఉండేది, అది వంశంలోదే, పాదరసం వల్ల కాదన్నారు డాక్టరు. నాది ఆయనకి తొమ్మిది రెట్లు. ఆయన రాత్రుళ్లు పైన కాపలాలోనే ఉండేవారు, తలుపేసుకుని దాని ముందు గంటలకొద్దీ కూర్చున్నది నేనే కదా.

చిగుళ్లు, నిద్ర, చేతిరాత అన్నీ అడిగారు. చివరికి, ఈ బెదురు, ఈ మెల్లగా మాట్లాడడం ఎప్పటినుంచి అన్నారు. పుట్టుకతోనే అండీ అన్నాను. మావారు నేల చూస్తూ, కాదండీ, పెళ్లయిన కొత్తలో మా అక్క నోరే మూయించింది ఈవిడ అన్నారు.

పాదరసం మనిషిని పిరికిగా చేస్తుందట.

ప్రార్థనలో ఒళ్లు జలదరించేది. కళ్లు నిండేవి. భక్తి అనుకున్నాను. అదీ పాదరసమేనా అని డాక్టర్ని ఎలా అడగను?

అక్టోబర్ 2
మందులు వాడుతున్నాను. ఇవాళ తుడిచిన మెట్లు బురద కాళ్లతో ఎక్కారని మావారి మీద అరిచాను. లైట్‌హౌస్ గోపురమంతా మోగింది. ఆ గొంతు ఎవరిదా అని ఇద్దరం తలెత్తి పైకి చూశాం.